నీళ్ళ బాబాయి, ఆరు జాయింట్లు

నా బేరాలన్నిటిలోకీ గొప్ప బేరం నాగపూర్లో చేశాను. తొంభై అయిదు ఎండాకాలం. అద్దాలు కడిగే విదేశీ కర్ర ఒకటి, బ్రష్షుతో సహా, వ్యాపారి చెప్పిన ధరలో సగానికి కొట్టుకొచ్చాను.

ఎలా దించానో చెబుతాను వినండి. కర్రతో పాటు ఆ అట్టపెట్టెలో చిన్న నీళ్ళ పంపు కూడా ఉంది. దాన్ని తీసి బల్ల మీద ఓ పక్కకి పెట్టి, "ఇది లేకుండా ఎంత?" అన్నాను. వ్యాపారి నా మొహంలోకి జాలిగా చూశాడు. "పంప్ కే బినా పానీ ఊపర్ నహీ జాయేగా, భాయ్‌సాబ్" అన్నాడు. పంపు లేకపోతే నీళ్ళు పైకెక్కవని అతని బాధ. నేను నవ్వాను. మా భిలాయిలో కుళాయి తిప్పితే నీళ్ళు మొహం మీద కొడతాయి, మీ ఊరి నీళ్ళకి బలం లేకపోతే దానికి నేనెందుకు డబ్బివ్వాలి అన్నాను. అతను ఓడిపోయాడు. పెట్టె కట్టించుకుని, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి, కొసరు కింద ఇంకో బ్రష్షు పట్టుకొచ్చాను. సంతోషంతో మా పక్క ఊరు దుర్గ్ వచ్చేదాకా రైల్లో నిద్ర పట్టలేదు.

నీళ్ళు పైకెక్కించే వస్తువు కొంటూ, నీళ్ళని పైకెక్కించే భాగాన్నే బేరమాడి తీయించుకున్న మొనగాడు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నేనొక్కణ్ణే.

ఆ కర్ర సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. అది ఒకదాంట్లోంచి ఒకటి బయటికొచ్చే గొట్టాల కర్ర. పూర్తిగా సాగదీస్తే ముప్పై అడుగులు. లోపల్నుంచి సన్నటి నీళ్ళ పైపు వెళ్ళి, కొసన బ్రష్షు దగ్గర రెండు చిన్న రంధ్రాల్లోంచి నీళ్ళు చిమ్ముతుంది. మనిషి నేల మీద నిలబడి మూడో అంతస్తు అద్దాన్ని రుద్దుతాడు, నీళ్ళు మురికిని కడిగేస్తాయి. నిచ్చెన అక్కర్లేదు, తాడు కట్టిన పలక అక్కర్లేదు. అప్పుడప్పుడే మా ఊళ్ళో అద్దాల మేడల మోజు మొదలైంది. ఉక్కు ప్లాంటు ఎర్రదుమ్ము ఏ అద్దాన్నీ వారం రోజులు అద్దంలా ఉండనివ్వదు. ఇక నేను లక్షాధికారిని అయిపోవడమే తరువాయి.

భిలాయి పేటల్లో ఒకటైన క్యాంప్ వన్‌లో మా నాన్నది పచారీ కొట్టు. నేను పప్పు బస్తాల మధ్య పాకి, తక్కెడ కింద నిలబడడం నేర్చుకున్నవాణ్ణి. మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళు పావుకిలో కందిపప్పు కొన్నా సరే, తూచాక పైన చిటికెడు వెయ్యకపోతే కదిలేవారు కాదు. "కొసరెయ్యకుండా పంపీస్తావేటి సావుకారూ?" అని చెంగు పట్టుకుని నిలబడేవారు. ఏ పనికైనా, ఏ వస్తువుకైనా అసలు ధర ఒకటి, అడిగి లాక్కునేది ఒకటి అని నా బుర్రలో అలా పడిపోయింది. అడగనివాడు వెర్రివాడు. కొసరు అన్న మాటకి ఇంకో అర్థం ఉంటుందని చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పోయి నెల దాటింది.

ఆయన పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. తెలుగువాళ్ళకి నీళ్ళ బాబాయి, హిందీవాళ్ళకి పానీవాలే చాచా. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ప్లాంటులో నీళ్ళ విభాగంలో ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఊరి పక్క రిసాలిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. రిటైరైనా ప్లాంటువాళ్ళిచ్చిన బూట్లు విప్పలేదు. ప్యాంటు కుడి కాలికి సైకిలు క్లిప్పు పెట్టుకునే నిద్ర లేచేవాడేమో అనిపించేది.

ఎవరింటికి వెళ్ళినా ముందు పెరట్లోకి వెళ్ళి కుళాయిని పలకరించేవాడు. బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండింటితోనే తిప్పేవాడు. మనం బిగించి తిప్పామా, కేక. "మెడ పిసికీకు! అదేటి నీ సెత్రువేటి?" మండుటెండలో అద్దం కడగనిచ్చేవాడు కాదు, నీళ్ళు ఆరిపోయి తెల్లమచ్చలు పడతాయని. "అద్దానికి జొరమొచ్చినప్పుడు తానం సేయిస్తావేటి? పొద్దు వాలీదాకా ఆగు." ఆయన లెక్కలు కూడా రెండు రకాలు. ఇడ్లీలైతే ఒకటి, రెండు, మూడు. నీళ్ళైతే ఏక్, దో, తీన్. అదేం బాబాయ్ అని అడిగితే, "ఇడ్లీలు మాయమ్మ నేర్పింది, నీళ్ళు ప్లాంటు నేర్పింది" అనేవాడు.

పని పూర్తయ్యాక వెంటనే వెళ్ళిపోయేవాడు కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసేవాడు. పక్కింటి కుళాయి కారుతోందా, ఎదురింటి గేటు బందు కిర్రుమంటోందా, ఏదో ఒకటి దొరికేది. వెళ్ళి బాగుచేసి వచ్చి, "ఇది కొసరు" అని సైకిలెక్కేవాడు. ఎవరూ అడిగేవారు కాదు, ఒక్కోసారి ఎవరికీ తెలిసేది కూడా కాదు. నాకు అది అరిగేది కాదు.

"ఎవరూ అడగలేదు కదా బాబాయ్, ఎందుకు చేస్తావ్?" అన్నానొకసారి.

"అడిగించుకుని ఏసీది కొసరేటి? అది బేరం" అన్నాడు.

నేను ఆ మాటకి నవ్వుకున్నాను. మా కొట్లో ఇలాంటి ఆసామి ఉంటే మూడు నెలల్లో షట్టర్ దింపుకోవాలని లెక్క కూడా కట్టాను.

నాగపూర్ కర్రని ముందుగా ప్రయత్నించి చూడకుండానే నేను హైవే మీద కొత్తగా లేచిన మూడంతస్తుల హోటల్‌తో మాట్లాడేసుకున్నాను. ముందువైపంతా అద్దాలు, మొత్తం ముప్పై ఆరు. నెలకోసారి కడగాలి. మొదటిరోజు కర్ర ఎత్తితే, మొదటి అంతస్తు దాకా నీళ్ళు కారాయి. రెండో అంతస్తు దగ్గర చంటిపిల్ల చొంగలా వచ్చాయి. మూడో అంతస్తులో బ్రష్షు పొడిగా, ఊడ్చే చీపురులా ఉంది. హోటల్ మేనేజరు కింద నిలబడి, "యే క్యా ఝాడూ లగా రహే హో?" అన్నాడు, ఇదేంటి చీపురుతో ఊడుస్తున్నావా అని.

కర్రని సైకిలుకి కట్టుకుని రిసాలి వెళ్ళాను. బాబాయి ఇంట్లో దాన్ని పెరటి కుళాయికి తగిలించి, నీళ్ళు రాక, కోపమొచ్చి, చేత్తో ధన్ ధన్ మని కొడుతున్నాను. ఆయన మంచం మీంచి లేచొచ్చాడు.

"దాన్ని కొడతన్నావెందుకు?"

"నీళ్ళు రావట్లేదు బాబాయ్."

"కొడితే వస్తాయేటి? మీ కొట్లో తక్కెడని కొడితే బియ్యం పెరుగుతాయేటి?"

"పెరుగుతాయి బాబాయ్" అన్నాను. నిజమే చెప్పాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, "సరేలే. నీళ్ళు ఎటునుంచి వస్తన్నాయి?" అన్నాడు.

"కుళాయి నుంచి."

"మరి నువ్వు బ్రస్సు దగ్గిర కూకుని ఏడుస్తన్నావేటి? పద అటు."

అక్కడ మొదలైంది నా చదువు. ఆయన లోపలికి వెళ్ళి పిన్ని మంచినీళ్ళు తాగే స్టీలు చెంబు పట్టుకొచ్చాడు. పైపు ఊడదీసి, వట్టి కుళాయి కింద చెంబు పెట్టి లెక్కపెట్టాడు. ఏక్, దో, తీన్, చార్, పాఁచ్. చెంబు నిండింది. తర్వాత పైపు తగిలించి దాని రెండో కొస దగ్గర పట్టాడు. మళ్ళీ పాఁచ్. "ఇక్కడి దాకా ఎవుడూ దొంగతనం సెయ్యలేదు" అన్నాడు. కర్ర కింది మూతి దగ్గర పడితే ఛే, అంటే ఆరు, జాయింటు కాస్త కారుతోంది. కర్రని పొట్టిగా ఉంచి, బ్రష్షు ఊడదీసి పడితే పదిహేను దాటినా చెంబు సగమే. "దొంగ ఈ కర్రలోనే ఉన్నాడు. ఎక్కడ లెక్క పెరిగితే అక్కడ, దానికి ముందు కాదు, ఎనక కాదు. తెలిసిందా?"

కర్రలోంచి పైపు బయటికి లాగితే, గొట్టాలు జారకుండా నేను బిగించిన ఇనప తీగ పైపు పీకని నొక్కేసి ఉంది. ఆ తీగ పెట్టింది నేనే, కర్రతో వచ్చిన క్లిప్పు సుబ్బరంగా ఉంటే కూడా. బ్రష్షు రంధ్రాలు రెండూ బోరు నీళ్ళ సున్నంతో పూడిపోయి ఉంటే, నిమ్మ ఉప్పులో రాత్రంతా నానబెట్టాడు. జాయింట్ల దగ్గర కారుతున్న చోట పాత సైకిలు ట్యూబు కత్తిరించి గుండ్రంగా వాషర్లు, ఆయన భాషలో వాసర్లు, చేశాడు. కత్తెరతో, కొలత లేకుండా, నాణెంలా. తర్వాత పెట్టెలో చెయ్యిపెట్టి వెతికాడు.

"పంపేది?"

"తీసుకోలేదు బాబాయ్."

"ఆడు ఇవ్వలేదేటి?"

"ఇస్తానన్నాడు. నేనే తీసేయించి ధర తగ్గించాను."

బాబాయి పెట్టె మూత మూసేశాడు. "మీ నాన్నకి సెప్పావేటి?" అన్నాడు.

"లేదు."

"సెప్పీకు. గుండాగిపోద్ది."

మర్నాడే సైకిలు మీద హోటల్‌కి వచ్చి, చుట్టూ తిరిగి, మెడ వెనక్కి వంచి డాబా మీద నీళ్ళ ట్యాంకు చూశాడు. ట్యాంకు నుంచి దిగిన లావు పైపుకి హోటల్ వెనక, నేల దగ్గర, ఒక కుళాయి ఉంది. రెండు వేళ్ళతో తిప్పి, అరచెయ్యి అడ్డుపెట్టాడు. "పంపు నెత్తిన పెట్టుకుని కింద ఎతుకుతన్నావు. ఆ ట్యాంకు మీ మూడో అంతస్తు కన్నా ఎత్తు. అక్కడి నుంచి దిగిన నీళ్ళు తిరిగి అంత ఎత్తుకీ ఎక్కుతాయి, దారిలో ఎవుడూ పీక నొక్కకపోతే." వెనక కుళాయి నుంచి హోటల్ పక్కగా ముందుకి లావు ఆకుపచ్చ పైపు వేశాడు. కుళాయి దగ్గర నుంచి బ్రష్షు దాకా ఇత్తడి జాయింట్లు ఆరు, ఆరింటికీ తన చేతి వాసర్లు. సాయంత్రానికి మూడో అంతస్తు అద్దం మీద నీళ్ళు జలజలా జారాయి. మేనేజరు చప్పట్లు కొట్టాడు. నేను కూడా కొట్టాను, నాగపూర్‌లో గెలిచింది నేనే అని మళ్ళీ నమ్మకం కుదిరి.

నెలనెలా ఈ పని నాతో కలిసి చెయ్యమని అడగడానికి వెళ్ళినప్పుడు పిన్ని టీ ఇచ్చి అక్కడే నిలబడింది.

"ఈయనకి తల తిరుగుద్ది బాబూ. పైన లైన్ల మీద పన్జేసి పన్జేసి ఆ జబ్బొచ్చింది. ప్లాంటోళ్ళే ఎత్తు పన్లు మానిపించీసారు. రెండు మెట్లెక్కితే సాలు, కళ్ళు మూసుకుపోతాయి. నిచ్చెన పనయితే మాకొద్దు."

"నిచ్చెన వద్దనే కదా పిన్నీ ఈ కర్ర. బాబాయి కాళ్ళు నేల మీదే ఉంటాయి. పూచీ నాది."

"నీ మాటకి కూడా బేరముంటాదేటి?"

"లేదు పిన్నీ. ఇది ఒకటే ధర."

పిన్ని నవ్వింది. బాబాయి సాసర్లోకి చూస్తూ, "నా కాళ్ళ గురించి నన్నడగరేటి?" అన్నాడు.

ఎనిమిది నెలలు చేశాం. ఆయన కర్ర పట్టుకుంటే చూడడానికి జనం ఆగేవారు. కర్ర బరువంతా తుంటి మీద ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, బ్రష్షుని అద్దం మీద పైనుంచి కిందికి మెల్లగా దించేవాడు. పైకి చూసేవాడే కాదు. తల ఎత్తితే తిరుగుతుంది కనక, నీళ్ళు అద్దం మీద పడే చప్పుడుని బట్టే బ్రష్షు ఎక్కడుందో తెలుసుకునేవాడు. చప్పుడు పలచబడితే చెయ్యి ఆపేసేవాడు. ఒకసారి గాలిబుడగ అడ్డుపడి నీళ్ళు తెగి తెగి వస్తే కర్రని నేలకి దించి, పైపు అంతా చదునుగా పడుకోబెట్టి, గాలి పోయేదాకా పక్కన కూర్చున్నాడు. పని మొదలుపెట్టే ముందు ఆరు జాయింట్లనీ చెంబుతో ఒక్కొక్కటే పరీక్ష చేసేవాడు. నేను గడియారం చూసుకునేవాణ్ణి.

"పోయిన్నెల బాగానే ఉన్నాయి కదా బాబాయ్."

"పోయిన్నెల అడిగింది పోయిన్నెల సెప్పింది. ఇయ్యాల అడగొద్దేటి?"

పనయ్యాక పైపుని ఎనిమిది అంకెలా చుట్టేవాడు, మెలి పడకుండా. ఆ తర్వాత నడుం మీద చేతులు. ఒకనాడు హోటల్ కాపలావాడి మంచినీళ్ళ డ్రమ్ముకి కుళాయి బిగించాడు. ఇంకోనాడు పక్కనున్న సైకిలు షాపువాడి పంపుకి తోలు మార్చాడు. "ఇది కొసరు." సైకిలెక్కడం.

తొమ్మిదో నెల వచ్చింది. ఆ సాయంత్రం హోటల్‌లో పెళ్ళివారు దిగుతున్నారు. మధ్యాహ్నానికి ముప్పై అయిదు అద్దాలు అయిపోయాయి. మిగిలింది ఒకటి, గుమ్మం మీద వరండా కప్పుకి పైన ఉన్నది. నేను కొత్తగా కొన్న స్కూటరు మీద ఎస్టీడీ బూతుకి వెళ్ళి, రాయపూర్‌లో ఇంకో అద్దాల మేడతో బేరం మాట్లాడి, గెలిచి, ఈల వేసుకుంటూ వచ్చాను. ఎండ తగలకుండా స్కూటరు హోటల్ వెనక నీడలో పెట్టి ముందుకి నడిచాను. బాబాయి కర్ర దించి నిలబడి ఉన్నాడు.

"నీళ్ళాగిపోయాయి. ఇప్పటి దాకా బాగానే వచ్చాయి. కుళాయి కాడికెళ్ళి సూసొస్తాను."

చెంబు తీశాడు. నాకు తెలుసు, కుళాయి దగ్గర మొదలుపెట్టి ఆరు జాయింట్లూ అడుగుతూ వస్తాడు. అరగంట. మేనేజరు గుమ్మంలోంచి గడియారం చూపిస్తున్నాడు, బారాత్ దారిలో ఉందంటున్నాడు. గోడకి రంగు దీపాలు కట్టేవాళ్ళ వెదురు నిచ్చెన ఆనించి ఉంది. పన్నెండు మెట్లు. ఎక్కితే వరండా కప్పు, అక్కణ్ణుంచి అద్దం చేతికందుతుంది.

"ఆ ఒక్కదాని కోసం అంత దేనికి బాబాయ్? నిచ్చెన ఉంది. తడిగుడ్డతో రెండు నిమిషాలు. కొసరు అనుకో."

ఆయన నిచ్చెన వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"అడుగుతన్నావేటి?" అన్నాడు.

"అడుగుతున్నా."

నువ్వే ఎందుకెక్కలేదని మీరు అనవచ్చు. అసలా మాటే నాకు తోచలేదు. కొసరు అడిగేవాడికి తక్కెడ పట్టుకునే అలవాటు ఉండదు.

బాబాయి బూట్లు విప్పాడు. ఆయన పాదాలు నేను చూడడం అదే మొదలు, తెల్లగా, నీళ్ళలో నానినట్టు ఉన్నాయి. బూట్లు గోడవారన జతగా పెట్టి, గుడ్డ భుజం మీద వేసుకుని ఎక్కాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. అద్దం తుడిచాడు. మూలలు కూడా తుడిచాడు. దిగడానికి వెనక్కి తిరిగి, మొదటి మెట్టు కోసం కాలు చాపి, కింద ఎక్కడుందో చూడడానికి తల వంచాడు. చెయ్యి నిచ్చెన కోసం వెతికింది, నిచ్చెనకి జానెడు పక్కన. కేక కూడా వెయ్యకుండా కింద పడ్డాడు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు. ఆసుపత్రికి బండి కావాలని, స్కూటరు కోసం వెనక్కి పరిగెత్తాను. హ్యాండిల్ పట్టుకుని ముందుకి తోశాను. స్టాండు లేవగానే నేల మీద ఏదో బుస్సుమంది. చూస్తే, కుళాయికి నాలుగు గజాల్లో, స్టాండు ఉన్నచోట ఆకుపచ్చ పైపు అట్టలా అణిగిపోయి ఉంది. నా కళ్ళ ముందే అది మెల్లగా ఉబ్బింది.

నేను స్కూటరు తోసుకుంటూ ముందుకి వచ్చేసరికి, నేల మీద పడున్న బ్రష్షులోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన జత బూట్లు తడిసిపోతున్నాయి. తుంటి విరిగి, వంకరగా పడి ఉన్న మనిషి ఆ చప్పుడు విన్నాడు.

"వచ్చీసింది" అన్నాడు. "ఎక్కడ పట్టీసింది?"

"తెలీదు బాబాయ్. దానంతటదే వచ్చింది."

"దానంతటది రాదు" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. హోటల్ వ్యానులో ఎక్కించారు.

ఆసుపత్రి వరండాలో పిన్ని నన్ను చూసి ఒక్క మాటే అంది. "కాళ్ళు నేల మీదే ఉంటాయన్నావు." తిట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఎప్పుడు వెళ్ళినా టీ ఇచ్చేది, నిలబడేది మాత్రం కాదు.

ఆయన మళ్ళీ లేచి నడవలేదు. రెండున్నర ఏళ్ళు రిసాలి ఇంట్లో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. నేను వారం వారం నారింజపళ్ళు పట్టుకెళ్ళేవాణ్ణి. నిచ్చెన మాట గానీ, నేనడిగిన మాట గానీ ఆయన నోట ఒక్కనాడూ రాలేదు. ఒకే ఒక్కటి అడిగేవాడు.

"ఆ రోజు ఎక్కడ పట్టీసిందంటావు?"

"వదిలెయ్ బాబాయ్."

"ఒగ్గీడానికి అదేటి తాడేటి? నీళ్ళాగినాయంటే దారిలో ఎక్కడో ఆగినాయి. ఎక్కడ?"

ఒకరోజు ఆ ఆరు జాయింట్లూ తెచ్చిపెట్టమన్నాడు. తెచ్చాను. నా చేతులతో నేనే తెచ్చి ఆయన పక్క మీద పెట్టాను. ఇత్తడివి ఒక్కొక్కటే విప్పి, సైకిలు ట్యూబు వాసర్లు తీసి వెలుగుకేసి పట్టుకుని, వేలితో అంచులు తడిమి, మళ్ళీ బిగించేవాడు. అలా ఎన్నిసార్లో. చివరికి తనే తీర్పు చెప్పేసుకున్నాడు. నీళ్ళ విభాగంలో తనతో పనిచేసినవాళ్ళు నలుగురు చూడ్డానికి వచ్చినప్పుడు, నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"నా సేతి వాసరే" అన్నాడు వాళ్ళతో. "ఆరింట్లో ఒకటి మడత పడి దారి మూసీసుంటాది. కొత్తది ఎయ్యాల్సింది, పాత ట్యూబు ఏసాను. ముప్పై ఏళ్ళు సేసినోణ్ణి, సైకిలు ట్యూబు దగ్గిర ఓడిపోనాను."

"చాచా సే గలతీ? హో హీ నహీ సక్తా" అన్నాడు ఒకాయన. చాచా తప్పు చెయ్యడమా, జరగదన్నాడు. కానీ మాట మర్యాదకి అన్నాడని గొంతులో తెలుస్తూనే ఉంది. ఇంకొకాయన నేలచూపులు చూశాడు. పనివాడి పొరపాటుని పనివాళ్ళు ఎలా చూస్తారో, అలాగ.

నేను నారింజ తొక్క తీస్తున్నాను. మొదటిరోజే చెప్పేసి ఉంటే ఆ నిజం నాకు చవగ్గా వచ్చేది. ఒక వారం ఆగాను, కొంచెం పెరిగింది. నెల ఆగాను, ఇంకా పెరిగింది. ఏడాది తిరిగేసరికి నా స్తోమతకి అందకుండా పోయింది. ధర తగ్గుతుందని ఎదురుచూడడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇది తగ్గే సరుకు కాదని ఆయన పోయాకే తెలిసింది.

పెద్దకర్మకి ముందురోజు వెళ్ళాను. పిన్ని అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లోపలికి వెళ్ళి, బిస్కట్ డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "నీ సామాను బాబూ." మూత తీస్తే ఆరు ఇత్తడి జాయింట్లు, తుడిచి, నూనె రాసి.

అప్పుడు చెప్పాను. స్కూటరు, స్టాండు, పైపు, ఆయన అడిగింది, నేనన్నది. ఏదీ తగ్గించలేదు. పిన్ని బియ్యం పక్కన పెట్టింది.

"నిద్దట్లో కూడా ఏక్, దో, తీన్ అని లెక్కెట్టీవోరు" అంది. "లేపితే, నా సెయ్యి సెడిపోనాదేటే, అనీవోరు. ఆ సెయ్యి పట్టుకుని నాను కూకునీదాన్ని."

నేను ఏదో అనబోయాను.

"నాకు సెప్పి ఏటి లాభం? ఆయన సెయ్యి మంచిదే అని నాకు తెలుసు. రేపు ఆయన డిపార్ట్‌మెంటోళ్ళు భోజనాలకొస్తన్నారు. ఆయన మాట పోనాది ఆళ్ళ దగ్గిర. అక్కడ సెప్పు."

మర్నాడు షామియానా కింద విస్తళ్ళు వేశారు. పాతికమంది దాకా ఫిట్టర్లు, ఖలాసీలు, తెలుగువాళ్ళు, బీహారీలు, ఛత్తీస్‌గఢీలు, బూట్లు బయట విప్పి వరసగా కూర్చున్నారు. అన్నం వడ్డించబోతుంటే నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ రోజు నేలచూపులు చూసినాయన తలెత్తి, "క్యా బాత్ హై భయ్యా, బోలో" అన్నాడు, సంగతేంటో చెప్పమని. పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

చెప్పాను, ముందు తెలుగులో, తర్వాత హిందీలో, బిల్లు చదివినట్టు.

ఆ రోజు హోటల్లో అద్దాలు ముప్పై ఆరు. నీళ్ళతో కడిగినవి ముప్పై అయిదు. నిచ్చెన ఎక్కించి తుడిపించింది ఒకటి, నేను అడిగి. జాయింట్లు ఆరు, ఆరూ గట్టివే. వాసర్లు ఆరు, ఒక్కటీ మడత పడలేదు. నీళ్ళు ఆగింది కుళాయికి నాలుగు గజాల్లో, నా స్కూటరు స్టాండు కింద. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి చూసొస్తానన్నాడు. చూడ్డానికి పట్టేది రెండు నిమిషాలు. నేను ఇవ్వలేదు.